వర్డిల్: కొత్తవలస లోపు తేలే ఆట

పొద్దున విజయనగరంలో బండెక్కి విశాఖకు ఉద్యోగానికి వెళ్తాను. ఇంగ్లీషు మాటను ఊహించి పట్టుకునే ఫోన్ ఆట వర్డిల్. 2022 మొదట్లో పట్టుకున్న దాన్ని ఇప్పటికీ ఆ బండిలోనే ఆడుతున్నాను. కోరుకొండ దాటాక మొదలుపెడితే చాలా రోజులు కొత్తవలస లోపు తేలిపోతుంది. రోజుకు ఒక్క పదం, ఐదు అక్షరాలు, ఆరు అవకాశాలు. మనం వేసిన మాటలో సరైన చోట పడిన అక్షరం ఆకుపచ్చగా, జవాబులో వేరే చోట ఉన్నది పసుపుగా, లేనిది బూడిద రంగులో కనిపిస్తుంది. అయిపోతే మళ్లీ రేపే. ఇన్నాళ్లయినా విసుగు రాలేదంటే అందుకే.

మొదట్లో నేను ఓడిపోయింది మాటలు రాక కాదు. మనం తెలుగును పలికినట్టే రాస్తాం, ఇంగ్లీషు మాటను కూడా చెవితోనే వెతుకుతాం. నేను రోజూ ముందు వేసేది స్లేట్, చిన్నప్పుడు ఓనమాలు దిద్దిన పలక. వినడానికి అది ‘ట్’తో ఆగిపోతుంది, గడిలో మాత్రం చివర ‘ఈ’ (E) అక్షరం ఉంటుంది. లోలోపల పలకడం మానేసి స్పెల్లింగ్‌ని కళ్లతో చూడడం నేర్చుకున్నాకే నా ఆట మెరుగుపడింది. స్లేట్‌కి ఏమీ తగలకపోతే రెండోది ఐరనీ (IRONY). రెండింటిలో ఒక్క అక్షరమూ మళ్లీ రాదు, పది అక్షరాల సంగతి తెలిసిపోతుంది.

శ్రీకాకుళంలో ఉన్న మా అప్ప అడ్యూ (ADIEU)తో మొదలుపెడుతుంది, నాలుగు అచ్చులు ఒకేసారి తెలుస్తాయని. నాకు అది నచ్చదు. మాటను పట్టించేది ఎక్కువగా హల్లులే. ఒకరోజు ఫోన్ చేసి, “ఏట్రా, నాలుగు పచ్చగా ఉన్నా ఓడిపోయాను” అంది. రెండో లైన్లో రైట్ (RIGHT) వేస్తే మొదటి అక్షరం తప్ప అన్నీ ఆకుపచ్చ. ఇంకా లైట్, నైట్, మైట్, ఫైట్, సైట్, టైట్ ఉన్నాయి. తనకు మిగిలినవి నాలుగు లైన్లు. ఒక్కొక్కటీ వేసుకుంటూ పోయింది.

అలాంటప్పుడు జవాబు కాదని తెలిసినా ఫిల్మ్స్ వేయాలి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒకే లైన్లో తేలతాయి. ఏదీ వెలగకపోతే మిగిలేవి నైట్, టైట్ రెండే. ఒక లైను పోయినా ఆట పోదు. ఆటను కష్టం చేసే హార్డ్ మోడ్ అనే సెట్టింగ్‌లో దొరికిన అక్షరాలు మళ్లీ వాడి తీరాలి కాబట్టి ఈ ఉపాయం కుదరదు. అందుకే నేను దాన్ని ఆపేశాను, అప్ప చేత కూడా ఆపించాను.

ఒకే అక్షరం రెండుసార్లు వేసినప్పుడు ఒకటి బూడిద రంగులోకి మారితే, జవాబులో అది ఒక్కసారే ఉందని అర్థం. అక్షరమే లేదనుకుని చాలాసార్లు తప్పుదారి పట్టాను.

ఇంకొకటి, ఇది అమెరికా ఆట. 2022 జనవరిలో ఫేవర్, ఫిబ్రవరిలో హ్యూమర్ జవాబులుగా వచ్చాయి. బడిలో మనం నేర్చుకున్న స్పెల్లింగ్‌లో యు ఉంటుంది, ఆరు అక్షరాలవుతాయి. అందుకే ఆ రెండు రోజులూ ఆ మాటలు నాకు తట్టనే లేదు. ఇప్పుడు చివర ఓ, ఆర్ తగిలితే ముందు యు తీసేసిన మాటలే వెతుకుతున్నాను.