పదోన్నతి వేళ ప్రతిజ్ఞ: వెంట పలకడమా, కంఠతా చెప్పడమా?

1941 డిసెంబరు 1న అమెరికాలో ఏర్పడిన సివిల్ ఎయిర్ పాట్రోల్ అనే స్వచ్ఛంద పౌర విమాన సంస్థలో కేడెట్లు సమావేశాలకు క్రమం తప్పక వస్తామని, అధికారుల ఆజ్ఞలు పాటిస్తామని, యూనిఫాం సక్రమంగా ధరిస్తామని ప్రతిజ్ఞ చేస్తారు. పదోన్నతి సభలో అధికారి ఒక్కో ముక్కా చెబుతుంటే వెంట పలకడం సులువే, కొత్తవారికి బెరుకూ తగ్గుతుంది. అయితే చెవి తర్వాతి ముక్క కోసం కాచుకుని ఉంటే మనసు అర్థం మీద నిలవదు. అదే కుడిచెయ్యి ఎత్తి, ఎవరూ అందించకుండానే, నడుమ ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, తర్వాతి మాటను తానే గుర్తుచేసుకుని పూర్తిచేసే కేడెట్‌ను చూసినప్పుడు, ఆ మాట తన సొంతమని సభకంతటికీ తెలుస్తుంది. అందుకే నా మొగ్గు కంఠతా చెప్పడం వైపే. పెద్ద బృందానికి ఒకేసారి పదోన్నతి ఇచ్చేటప్పుడు మాత్రం, గొంతులు కలవవు కనుక, వెంట పలికించడమే నయం. అప్పుడైనా ప్రతిజ్ఞ పాఠాన్ని ముందుగానే చేతికిచ్చి, ప్రతి మాటకూ అర్థం విడమరచి చెప్పాలి.