1968 జీటీఓకు అసలు క్వాడ్రాజెట్: నాలుగు వేసవులు నడిపాక

మిషిగన్‌లో నా దగ్గరున్న 1968 పాంటియాక్ జీటీఓకు, ఫ్యాక్టరీలో బిగించిన రకానికే చెందిన రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్‌ను (ఇంజన్‌కు గాలినీ పెట్రోలునూ కలిపి అందించే భాగం) నాలుగేళ్ళ కిందట తిరిగి అమర్చాను. అప్పటి నుంచి సుమారు 7,000 మైళ్ళు నడిపాను కనుక, దాని మంచీ చెడూ రెండూ తెలిసే ఈ సమీక్ష రాస్తున్నాను.

కారు నా చేతికి వచ్చేసరికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఆ మిశ్రమాన్ని సిలిండర్లకు పంచే గొట్టాల అమరిక) మీద ఒక అడాప్టర్ పలక, దాని మీద గాలి లోపలికి వెళ్ళే నాలుగు రంధ్రాలూ ఒకే కొలతలో ఉన్న మరో రకం కార్బ్యురేటర్ ఉన్నాయి. బండి నడిచేది, కానీ పలక మందం వల్ల అసలు ఎయిర్ క్లీనర్ బానెట్‌కు తగిలేది. టర్బో హైడ్రామాటిక్ 400 గేర్‌బాక్స్‌ను కింది గేరుకు దించే విద్యుత్ స్విచ్‌కు ఆ కార్బ్యురేటర్ లింకేజీ (యాక్సిలరేటర్‌తో కలిపే కడ్డీలు) అందకపోవడంతో, ఓవర్‌టేక్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా గేరు దిగేది కాదు. నన్ను అసలు కార్బ్యురేటర్ వైపు మళ్ళించింది ఈ రెండో ఇబ్బందే.

జీటీఓలో మూడు కార్బ్యురేటర్ల ట్రైపవర్ అమరికను తీసివేసి, 1967లో దాని స్థానంలో క్వాడ్రాజెట్‌ను పెట్టారు. నా కారులోని 400 ఘనపు అంగుళాల ఇంజన్‌కు 1968లో ప్రకటించిన 350 హార్స్‌పవర్ ఈ ఒక్క కార్బ్యురేటర్‌తోనే వచ్చింది. దీని ముందు రంధ్రాలు రెండూ 1.375 అంగుళాలవి, వెనుకవి 2.25 అంగుళాలవి. మామూలు వేగంలో చిన్నవి మాత్రమే పనిచేస్తాయి కనుక పెట్రోలు పొదుపుగా ఖర్చవుతుంది, పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం వెనుక ఉన్న గాలి తలుపు, ఇంజన్ ఎంత గాలి లాగితే అంతమేరకే తెరుచుకుంటుంది. వీధుల్లో నా కారు మునుపు గ్యాలన్‌కు 10 మైళ్ళు ఇచ్చేది, ఇప్పుడు 13 ఇస్తోంది. అన్నిటికంటే నాకు నచ్చినది, సిగ్నల్ దగ్గర నుంచి మెల్లగా కదిలేటప్పుడు బండి ఏ మాత్రం కుదుపు లేకుండా సాగిపోవడం.

కొనేవారు ముందుగా చూడవలసింది డ్రైవర్ వైపు కార్బ్యురేటర్ బాడీ మీద నిలువుగా ముద్రించిన ఏడంకెల సంఖ్య. 7028తో మొదలైతే అది 1968 నాటిది. నేను మొదట తెప్పించుకున్నది వేరే కంపెనీ ఇంజన్ కోసం చేసినదని, పెట్రోలు గొట్టం వేరే దిశలో ఉండడం చూశాక గాని నాకు అర్థం కాలేదు. సంఖ్య అడగకుండా డబ్బు పంపడం నా తప్పే.

రెండో బాడీ సరైనదే, కానీ యాభై ఏళ్ళ అరుగుదల దాని మీద ఉంది. థ్రాటిల్ రేకులను (గాలిని అదుపు చేసేవి) తిప్పే ఇరుసుల రంధ్రాలు అరిగిపోయి, అక్కడి నుంచి గాలి చొరబడడంతో ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) నిలకడగా ఉండేది కాదు. ఆ రంధ్రాలను తొలిచి కంచు బుష్‌లు వేయించాక గాని ఆ జబ్బు కుదరలేదు. అడుగున ఉండే చిన్న బిరడాల నుంచి పెట్రోలు కారడం ఈ రకానికి పాత రోగం. అందుకని వాటిని ఎపాక్సీతో మూయించి, బిగించే ముందు కార్బ్యురేటర్‌లో ఇంధనం నిలిచే గిన్నెలో పెట్రోలు పోసి, రాత్రంతా కాగితం మీద ఉంచి చూశాను. తడి కనిపించకపోయాకే కారు మీదికి ఎక్కించాను. చిన్నప్పుడు రాజమండ్రిలో మా నాన్నగారు అంబాసిడర్ కార్బ్యురేటర్ విప్పినప్పుడల్లా ప్రతి జెట్‌నూ (పెట్రోలు వెళ్ళే సన్నని రంధ్రం ఉన్న చిన్న మరను) వెలుతురుకు పట్టి చూసేవారు. ఆ అలవాటు నాకు ఇక్కడ ఎంతగానో అక్కరకు వచ్చింది.

బిగింపులో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ముందువైపు పొడవాటి బోల్టులు రెండూ పై మూతలో నుంచి దిగుతాయి కనుక, ఎక్కువ బిగిస్తే మూత వంకర పోతుంది. పెట్రోలు లోపలికి వచ్చే పెద్ద నట్టు మెత్తని పోత లోహంలోకి దిగుతుంది కనుక, దానికి ఒక స్పానర్, గొట్టానికి మరో స్పానర్ పట్టకపోతే మర చెడుతుంది, ఆ తర్వాత బాడీ పారేయడమే. గాలి తలుపు స్ప్రింగును మొదట వదులుగా ఉంచడంతో, ఒక్కసారిగా తొక్కినప్పుడు ఇంజన్ ఊపిరాగినట్టు అయ్యేది. తలుపు మూసుకున్న చోటు నుంచి ముప్పావు చుట్టు బిగించాక ఆ లోపం పోయింది.

వేడి మాత్రం ఇంకా పూర్తిగా లొంగలేదు. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపులో గంటల తరబడి నత్తనడకన కదిలాక ఇంజన్ ఆపితే, ఇథనాల్ కలిసిన పెట్రోలు గిన్నెలోనే మరిగిపోయి, మళ్ళీ స్టార్ట్ కావడానికి చాలాసేపు తిప్పవలసి వచ్చేది. మానిఫోల్డ్‌కూ కార్బ్యురేటర్‌కూ నడుమ వేడిని ఆపే మందపాటి గాస్కెట్ వేసి, ఇథనాల్ లేని పెట్రోలు వాడడం మొదలుపెట్టాక సగం కంటే ఎక్కువ ఉపశమనం దొరికింది. రెండు వారాలు కదపకుండా ఉంచితే మాత్రం ఇప్పటికీ గిన్నె ఎండిపోతుంది. అప్పుడు పంపు పెట్రోలును పైకి తెచ్చేదాకా పది సెకన్లు స్టార్టర్ తిప్పవలసిందే.