క్యుబెక్ నార్డిక్స్, విన్నిపెగ్ జెట్స్: ఏ ఊరి నష్టం పెద్దది?

ఐస్ హాకీ అంటే ప్రాణం పెట్టే కెనడాలో రెండు ఊళ్లు ఏడాది తేడాతో తమ జట్లను పోగొట్టుకున్నాయి. రెండూ డబ్ల్యూహెచ్‌ఏ అనే హాకీ లీగ్ మూతపడ్డాక 1979లో ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే అగ్రశ్రేణి హాకీ లీగ్‌లో, చేరినవే. కష్టాలూ ఒకటే: చిన్న మార్కెట్, పాత స్టేడియం, ఆదాయం కెనడా డాలర్లలో, జీతాలు అమెరికా డాలర్లలో.

నా దృష్టిలో క్యుబెక్ గాయమే పెద్దది. నార్డిక్స్ 1995లో అమెరికాలోని డెన్వర్ వెళ్లి కొలరాడో అవలాంచ్ అయింది. మొదటి సీజన్‌లోనే, 1996లో, ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచేసింది! కెప్టెన్ జో సాకిక్ క్యుబెక్‌లో ఎదిగినవాడే. గోల్‌కీపర్ ప్యాట్రిక్ రువా మాత్రం సీజన్ మధ్యలో మాంట్రియల్ నుంచి వచ్చాడు. నార్డిక్స్ క్యుబెక్‌లోనే ఉండి ఉంటే, బద్ధశత్రువైన మాంట్రియల్ అతన్ని ఇచ్చేదంటే నేను నమ్మను. అయినా, ఏళ్ల తరబడి ఓటములు భరించిన అభిమానులు తమ కుర్రాళ్లు వేరే ఊళ్లో కప్పు ఎత్తడం చూడాల్సి రావడం ఘోరం.

జెట్స్ 1996లో ఫీనిక్స్ చేరింది, అక్కడ కప్పు దక్కలేదు. 2011లో అట్లాంటా థ్రాషర్స్ విన్నిపెగ్‌కు తరలివచ్చి జెట్స్ పేరే పెట్టుకుంది.

క్యుబెక్ కూడా 2015లో 18 వేలకు పైగా సీట్లతో కొత్త స్టేడియం తెరిచింది. మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ కొత్త జట్టును క్యుబెక్‌కు కాక లాస్ వెగాస్‌కు ఇచ్చింది.