కచేరీ వేదిక నుంచి పిల్లల టెలివిజన్‌కు: మెగ్రాత్, క్లెమన్స్

సంగీతంలో చక్కని శిక్షణ పొందిన గాయకులు పిల్లల కార్యక్రమాల్లోకి వచ్చినప్పుడు ఏం వదులుకుంటారు, ఏం నిలుపుకుంటారు అన్నదానికి అమెరికాలో రెండు భిన్నమైన సమాధానాలు కనిపిస్తాయి. బాబ్ మెగ్రాత్ 1960లలో జపాన్‌లో ఆ దేశపు భాషలోనే పాడి యువత అభిమానం సంపాదించిన టెనర్ (పురుషుల్లో హెచ్చు స్థాయి గొంతు) గాయకుడు. 1969లో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమం మొదలైననాటి నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా అందులోని వీధిలో ఉండే సంగీత ఉపాధ్యాయుడిగానే పిల్లలకు తెలిశారు.

ఫ్రాన్స్వా క్లెమన్స్ దారి వేరు. ‘మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్’ అనే మరో పిల్లల కార్యక్రమంలో పోలీసు అధికారిగా కనిపిస్తూనే ఆయన ఆపెరా గానాన్ని కొనసాగించారు, తరువాత నల్లజాతి భక్తిగీతాలు పాడే హార్లెమ్ స్పిరిచువల్ ఎన్‌సెంబుల్ అనే బృందాన్ని స్థాపించారు. నల్లజాతి బస్తీలో పెరిగినవాడిగా పోలీసు పాత్రకు మొదట సంకోచించిన ఆయనే, ఈతకొలనుల్లో జాతివివక్ష ఇంకా రగులుతున్న 1969లో, ఆ కార్యక్రమ వ్యాఖ్యాత, శ్వేతజాతీయుడైన ఫ్రెడ్ రోజర్స్‌తో కలిసి ఒకే చిన్న నీటితొట్టిలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నారు.

నిరంతర సాన్నిహిత్యాన్ని కొలమానంగా తీసుకుంటే మెగ్రాత్‌దే పైచేయి. ఒక్క దృశ్యం మోయగలిగిన బరువును చూస్తే మాత్రం, ఉపదేశం లేకుండానే పసివారికి సమానత్వాన్ని చూపిన క్లెమన్స్ వైపే నేను మొగ్గుతాను.