పర్లాకిమిడి నుంచి చూసిన తెలుగు వికీపీడియా

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకుని పెరిగిన ఒడిశాలోని మా గజపతి జిల్లావారికి, 2003లో మొదలై నేటికీ రుసుము, ప్రకటనలు లేకుండా సాగుతున్న తెలుగు వికీపీడియా పెద్ద ఆసరా. దీని అసలు బలం వ్యాసాల్లో కంటే, ప్రతి వ్యాసానికీ జతగా ఉండే చరిత్ర పుటలోనూ చర్చ పుటలోనూ ఉందని నా అభిప్రాయం. ఏ వాక్యాన్ని ఏ ఖాతా నుంచి, ఏ రోజున మార్చారో అక్కడ ఎవరైనా చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ తమవేనంటున్న కొఠియా గ్రామాల వంటి విషయంలో, తటస్థ దృక్కోణం అనే నియమం ప్రకారం, ఇరుపక్షాల వాదననూ ఆధారంతో చెప్పాలే తప్ప తీర్పు చెప్పకూడదు. మా టీకొట్టు చర్చల్లో ఇంతటి నిగ్రహం అసాధ్యం.

ఊహాత్మక విజ్ఞానానికీ ఇదే కొలత. నక్షత్రపు శక్తిని చుట్టూ కమ్మి గ్రహించే నిర్మాణాలను 1960లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ ప్రతిపాదించాడని రాయవచ్చు; వాటిపై మన సొంత లెక్కలు చేర్చడం కుదరదు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరివాణ్ణి కనుక, యంత్రానువాదపు వాసన ఉన్న వాక్యం ఎక్కడ కనబడినా నా రేటింగులో ఒక నక్షత్రం తగ్గిస్తాను. అందుకే అయిదుకు నాలుగు.