ఐదేళ్లకే దించేయడమా, ఇరవై నాలుగేళ్లు మోయడమా: ఏది మేలు?

2024 మే 13న ఒడిశాలోని మా బరంపురంలోనూ, సరిహద్దుకి అవతల ఆంధ్రాలో ఉన్న ఇచ్ఛాపురంలోనూ ఒకేరోజు పోలింగ్. అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకు ఒకటి, అటూ ఇటూ రెండేసి ఓట్లు. జూన్ 4న చూస్తే రెండు ప్రభుత్వాలూ పోయాయి. ఆంధ్రాలో జగన్ వైసీపీది ఐదేళ్లది, ఒడిశాలో నవీన్ పట్నాయక్ బీజేడీ (బిజూ జనతాదళ్)ది ఇరవై నాలుగేళ్లది. సరిహద్దు దాటి వియ్యాలందుకున్న తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే. ఆంధ్రావాళ్ల తొందర మేలా, మన ఒడిశా ఓపిక మేలా అన్న వాదన వచ్చిందంటే ఓ పట్టాన తెగదు.

నాకైతే ఆ రెండు ఓటములూ ఒక జాతివి కావు. వైసీపీకి ఓట్లు దాదాపు 50 శాతం నుంచి 39కి జారాయి, సీట్లు 151 నుంచి 11కి పడ్డాయి. (ఇచ్ఛాపురం 2019 గాలిలోనూ టీడీపీనే గెలిపించింది, అది వేరే సంగతి.) బీజేడీ మాత్రం 44.7 నుంచి 40.2కే తగ్గింది. 51 సీట్లతో గద్దె దిగింది గానీ, ఓట్లలో బీజేపీ కన్నా ఇంకా పిసరంత ఎక్కువే. అక్కడ కోపం, ఇక్కడ విసుగు.

కోపానికి కారణాలడిగితే గడగడా చెబుతారు. భూహక్కు చట్టం, పట్టాదారు పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి బొమ్మ. చేతికొచ్చిన దానికన్నా చేజారేది మనసుకు గట్టిగా తగులుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానమన్, ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. ఖాతాలో పడ్డ పథకం డబ్బు కన్నా, పొలం పోతుందేమోనన్న బెంగే బరువైంది.

విసుగుకి అలా కారణాలు దొరకవు. కిలో రూపాయి బియ్యం 2013లో మొదలైంది. మొదట్లో అది నవీన్‌బాబు ఇచ్చిన బియ్యం, నాలుగేళ్లు తిరిగేసరికి మన కోటా బియ్యం. తుఫాన్లదీ అంతే. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేల మంది దాకా పోయారు. 2013లో ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినా, ముందే లక్షల మందిని తరలించడంతో మృతులు పదుల్లోనే ఆగారు. మామూలు పని కాదది. కానీ 2000లో పుట్టిన పిల్లకి 2024లో ఇరవై నాలుగేళ్లు. 1999 ఆమె చూడలేదు, ఇంకో ముఖ్యమంత్రిని అసలే చూడలేదు. ఆమెకి పాత కష్టాలు చెప్పి ఓటడగడం దండగ. దానికి తోడు, తమిళనాడులో పుట్టిన మాజీ ఐఏఎస్ పాండియన్ చేతిలోకి పెత్తనం పోయిందన్న ప్రచారం. మా జిల్లాలోని హింజిలిలో 2019లో నవీన్ మెజారిటీ 60 వేల పైమాట. 2024లో 5 వేలు కూడా రాలేదు. ఆయన పోటీ చేసిన రెండోచోట, కంటాబంజిలో, ఓడిపోయారు.

మరి ఏది మేలు? ఐదేళ్లకే దించేస్తే నాయకుడికి భయం ఉంటుంది, నిజమే. కానీ అమరావతి సంగతి చూడండి. 2019లో ప్రభుత్వం మారగానే పనులు ఆగాయి, ఆ డిసెంబరుకే మూడు రాజధానుల మాట వచ్చింది. తుఫాను షెల్టర్లు కట్టి, ఊరూరా జనాన్ని సిద్ధం చేసే పని అలా మధ్యలో ఆగిపోయి ఉంటే ఫైలిన్‌లో ఎంతమంది పోయేవారో.

అలాగని ఇరవై నాలుగేళ్లనీ మెచ్చుకోలేను. అంతకాలం ఒకే పార్టీ ఉంటే ఎదటి పార్టీకి సొంత మనుషులు తయారవరు. 2024లో మా బరంపురం ఎంపీ సీటే చూడండి. బీజేపీ నిలబెట్టిన ప్రదీప్ పాణిగ్రాహి, బీజేడీ 2020లో వెళ్లగొట్టిన ఎమ్మెల్యే. బీజేడీ నిలబెట్టిన భృగు బక్సిపాత్ర, 2019లో అదే సీటుకి బీజేపీ అభ్యర్థి. విసిగిపోయి మార్పు కోరిన ఓటరుకి దొరికింది ఈ కుర్చీలాట. అటు కొరాపుట్‌లో విసిగినవాళ్లు కాంగ్రెస్ ఎంపీని గెలిపించారు. విసుగు లేపుతుందే గానీ దారి చూపదు.

నన్నడిగితే రెండు దఫాలు, పదేళ్లు. మొదలెట్టిన పని ఓ కొలిక్కి వస్తుంది, ప్రతిపక్షానికీ సొంత మనుషులు మిగులుతారు. మా ఇచ్ఛాపురం బంధువులు దీనికీ ఒప్పుకోరు, పదేళ్లు ఎవడు ఆగుతాడంటారు.