హైదరాబాద్ నుంచి డాలస్‌కు: ఎనిమిదేళ్లు తిరిగాక నా అనుభవం

మా అమ్మాయి డాలస్‌లో స్థిరపడి ఎనిమిదేళ్లయింది. కరోనా కాలం తప్ప ఏటా నేనూ మావారూ దుబాయ్ మీదుగా వెళ్లి వస్తున్నాం. కొత్తగా బయలుదేరే పెద్దవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఎంత దూరం, ఎన్ని గంటలు" అనే.

శంషాబాద్ నుంచి డాలస్‌కు అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం లేదు. దుబాయ్‌కి 2,550, అక్కడి నుంచి డాలస్‌కు 12,900. వెయ్యి కిలోమీటర్లు చుట్టు తిరిగినట్టే అయినా విమానానికి అది గంటకు కాస్త పైన. ఆ చుట్టు మమ్మల్ని ఎప్పుడూ బాధించలేదు. బాధించేది రెండో విమానంలో ఏకబిగిన పదహారు గంటలు కూర్చోవడం. మొదటిసారి దిగేసరికి మావారి పాదాలు వాచి బూట్లు పట్టలేదు. ఇప్పుడు రెండు గంటలకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచి వస్తాం. వదులు చెప్పులే వేసుకుంటాం.

తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి దుబాయ్‌కి దాదాపు పద్నాలుగున్నర గంటలే. అంత ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది, వచ్చేటప్పుడు అది మనల్ని నెడుతుంది.

అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోతామని అనుకునేదాన్ని. ముందు సీటు తెర మీద చూస్తే విమానం ఉత్తరానికి ఎక్కుతూనే ఉంది. గ్రీన్‌లాండ్ దగ్గర కిటికీ తెర జానెడు ఎత్తితే కింద తెల్లటి మంచు, అందులో నల్లటి కొండ కొసలు. సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని కదా, ఇంటికి రాగానే గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారం బిగించి చూశాను. బిగించిన దారం చూపేదే అతి దగ్గరి దారి, అది ఉత్తర ధ్రువం పక్క నుంచే పోయింది!

వేసవిలో రాత్రి పదికి శంషాబాద్‌లో ఎక్కితే మర్నాడు ఉదయం పదికల్లా డాలస్‌లో దిగుతాం. గడియారం పన్నెండు గంటలంటుంది, ఒంటికి తెలిసేది ఇరవై రెండున్నర. మాది హనుమకొండ. ఇంటి గడప దాటింది మొదలు అమ్మాయి ఇల్లు చేరేదాకా లెక్కేస్తే ముప్పై గంటలు దాటుతుంది. మందులు, భోజనం ఆ లెక్కతోనే సర్దుకోవాలి.

ఒకసారి ఒక ఏజెంటు చవక అని రెండు విడి టికెట్లు కలిపి ఇచ్చాడు. మధ్య వ్యవధి గంటన్నర కూడా లేదు. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోయింది. విడి టికెట్లు కాబట్టి ఎవరూ బాధ్యత తీసుకోలేదు, ఆ రాత్రి కొత్త టికెట్లకు పెట్టిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అప్పటి నుంచి మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్, మధ్యలో కనీసం రెండున్నర గంటలు ఉంటేనే కొంటున్నాం. మళ్లీ ఒక్కసారి కూడా విమానం తప్పలేదు.